చెయ్యెత్తిన మనిషి

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. లారీల యార్డులో అందరికీ ఆయన 'నిదానం'. బండి ఎక్కితే నిదానం, దిగితే నిదానం, టీ గ్లాసు చేతికిస్తే అది చల్లారేదాకా ఊదుకుంటూ కూర్చోవడంలో కూడా నిదానమే. "మన నిదానం బండి వెనక పడితే పెళ్ళికి బయల్దేరినవాడు తన పిల్లల పెళ్ళికి చేరతాడు" అని తోటి డ్రైవర్లు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. "చేరతాడా లేదా, అది చెప్పండి" అనేవాడు.

డ్రైవింగు ఆయన మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. ఆ మేనమామ నోటి దురుసు మనిషి, గేరు తప్పు పడితే వీపు మీద ఒకటి వేసేవాడు. కానీ రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తినా బండి ఆపేవాడు. "చెయ్యెత్తినవాణ్ణి దాటి పోకూడదురా. రేపు మన చెయ్యే లేవొచ్చు" అనేవాడు. మేనల్లుడికి గేర్లతో పాటు ఆ అలవాటూ వచ్చేసింది. నిదానం తన సొంత జాకీ తీసి ఎవరెవరి చక్రాలో మార్చాడు. నీళ్ళ క్యాను మొత్తం పరాయివాళ్ళ రేడియేటర్లలో పోసి, తను దాహంతో ఇల్లు చేరిన రోజులున్నాయి. ఒకసారి నొప్పులు పడుతున్న ఆడమనిషిని క్యాబిన్లో ఎక్కించుకుని ఆసుపత్రి గుమ్మం దాకా లారీ తోలుకుపోతే, అక్కడి వాచ్‌మన్ ఆయన్ని నానా తిట్లూ తిట్టాడు. ఆ తిట్లను ఆయన చాన్నాళ్ళు ముచ్చటగా చెప్పుకున్నాడు.

అలాంటి మనిషే ఒక తెల్లవారుజామున మందుల పెట్టెల లోడుతో వెళుతూ, రోడ్డుకడ్డంగా పడి ఉన్న మోటారు సైకిలునీ, పక్కన బోర్లా పడున్న ఆడమనిషినీ చూసి బండి ఆపాడు. దిగి, వంగి, "అమ్మా" అని పిలిచాడు. ఆవిడ లేచి కూర్చుంది. వెనకనుంచి ఏదో వచ్చి ఎడమ చెవి మీద తగిలింది. తెలివి వచ్చేసరికి లోడు కట్టే తాడుతోనే ఆయన్ని చెట్టుకి కట్టేసి ఉన్నారు. బండి లేదు. ఎండెక్కాక గడ్డి కోసుకోడానికొచ్చిన ముసలాయన కట్లు విప్పాడు.

దెబ్బ మానింది, ఆ చెవికి వినికిడి మాత్రం పోయింది. అదైనా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఆ తర్వాత వచ్చింది. పోలీసులు, ఇన్సూరెన్సువాళ్ళు, ఆఫీసువాళ్ళు అందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కడే ఎందుకు ఆపావు?" ఆడమనిషి పడి ఉందండీ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. "నీకూ వాటా ఉందా?" అని ఒకడు మొహం మీదే అడిగాడు. వీధిలో పలకరింపులు తగ్గాయి. ఇంటికొచ్చి కుట్టుమిషను దగ్గర కూర్చునే ఆడవాళ్ళు, ఆయన ఇంట్లో ఉన్నాడని తెలిస్తే గుమ్మంలోంచే వెనక్కి పోయేవాళ్ళు. ఆయన భార్య లారీ క్యాబిన్లకి సీటు కవర్లు కుట్టేది. యార్డు నుంచి ఆ పని కూడా ఆగిపోయింది. ఆ ముఠా మరో చోట మరో లారీని కొడుతూ దొరికిపోబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మచ్చ ఆయనతోనే కాటికి పోయేది. మళ్ళీ పనిలోకి రమ్మన్నారు, సీటు కవర్ల పనీ తిరిగి ఇచ్చారు. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ సంఘటన తర్వాతే కంపెనీలోకి సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఎవరినీ 'నువ్వు' అనడు. ఆయన వచ్చాక లోడు తలుపులకి సీళ్ళు పడ్డాయి. బండి ఎక్కడుందో ఆఫీసుకి చెప్పే పెట్టె ఒకటి క్యాబిన్లో బిగించారు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ముందే నిర్ణయించారు. అవి కాని చోట బండి నిలబడితే పెట్టె కుయ్‌మంటుంది, వెంటనే కంట్రోల్ రూము నుంచి ఫోనొస్తుంది. కొత్త డ్రైవర్లకి క్లాసు కూడా పెట్టారు. ఒకరోజు ఆఫీసరు నిదానాన్ని పిలిచి కుర్చీ వేయించాడు.

"మీకు జరిగింది మీ నోటితోనే చెప్పాలండీ. నేను వంద బొమ్మలు చూపించినా మీ ఒక్క మాటకి సాటి రాదు."

ఆయన ఒప్పుకున్నాడు. తన మాట నమ్మనివాళ్ళే ఇప్పుడు తన మాట వినమని పదిమందిని కూర్చోబెడుతున్నారు. అది ఆయనకి ఎక్కడో చల్లగా తగిలింది. క్లాసులో జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ తర్వాత ఆఫీసరు పాఠం చెప్పేవాడు. మనిషి ఒంటరిగా ఉండి దగ్గర్లో బండి కనపడకపోతే ఆపొద్దు. చొక్కా మీద రక్తమున్నా నమ్మొద్దు, రంగు కావచ్చు. చేతిలో ఏదైనా ఉంటే అసలే ఆపొద్దు. తలుపులు బిగించుకోండి, ముందుకు పోండి, కంట్రోల్ రూముకి చెప్పండి. మిగతాది వాళ్ళు చూసుకుంటారు. "ఆగి చచ్చిపోయిన డ్రైవర్ల ఇళ్ళకి వెళ్ళి చెప్పొచ్చినవాణ్ణి నేను. నా మాట కటువుగా ఉంటే క్షమించండి" అనేవాడు. ఆ మాట అబద్ధం కాదు. ఆయన వెళ్ళిన ఒక ఇంటికి నిదానం కూడా వెంట వెళ్ళాడు.

భార్యకి మాత్రం ఆ క్లాసులు నచ్చలేదు. "పోయిన చెవిని ఊరందరికీ చూపిస్తున్నారు" అనేది. ఆయన క్లాసులకి పోతూనే ఉండేవాడు. పాలు తాగి నోరు కాల్చుకున్నవాడు మజ్జిగ ఊదుకుని తాగుతాడంటారు. నిదానం ఇప్పుడు నీళ్ళు కూడా ఊదుకుంటున్నాడు. రోడ్డు మీద చెయ్యెత్తినవాళ్ళని దాటి పోవడం మొదట్లో కష్టమైంది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత కనపడటం మానేశారు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఫోన్ల పెట్టెల లోడుతో కొండవాలు మలుపు తిరుగుతున్నాడు. సన్నగా తుంపర. మలుపు దాటాక రోడ్డు అంచున ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒక్కడే. చుట్టుపక్కల బండేమీ లేదు. చొక్కా ముందు భాగమంతా ఎర్రగా ఉంది. ఒక చెయ్యి పైకెత్తాడు. రెండో చేతిలో ఇనుపరాడ్డు.

క్లాసులో గోడ మీద వేసే బొమ్మ లేచి వచ్చి నిలబడినట్టుంది. నిదానం చెయ్యి తలుపు గడి మీదికి పోయింది. కాలు యాక్సిలేటరు మీద బిగిసింది. ఆ మనిషి నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. అద్దాలు బిగించి ఉన్నాయి, అతను ఉన్నది చెవి పోయిన వైపు. బండి దాటుతుంటే అతను పక్కనే పరుగెత్తుతూ అరచేత్తో బండి మీద కొట్టాడు. ఆ దెబ్బలు చెవికి వినపడలేదు, స్టీరింగులో తెలిశాయి. తర్వాత అద్దంలో చూస్తే అతను రోడ్డు మధ్య నిలబడి ఉన్నాడు. చెయ్యి మళ్ళీ పైకెత్తే ఉంది.

నిదానం కంట్రోల్ రూముకి ఫోను చేశాడు. అక్కడ పనిచేసే అమ్మాయి ఎత్తింది.

"కొండవాలు మలుపు దాటాక ఒకడున్నాడమ్మా. చేతిలో రాడ్డు. ఒంటిమీద రక్తంలాంటిది ఉంది."

"ఆపలేదు కదా బాబాయ్?"

"లేదు."

"మంచిపని చేశారు. పోలీసులకి చెబుతాను. మీరు జాగ్రత్తగా పొండి."

ఆగవలసిన చోట ఆగాడు. టీ తాగాడు.  గండం గడిచిందని అనుకున్నాడు.

తిరుగు లోడు దించి యార్డుకి వచ్చాక ఆఫీసరు కబురు పెట్టాడు. ఈసారి తనే లేచి తలుపు దగ్గరగా వేశాడు. నిజం చెప్పడానికి ఆయన డొంకతిరుగుడు పోలేదు. ఆ మలుపులో ఒక చిన్న వ్యాను పల్లంలోకి పల్టీ కొట్టింది. పొదల వెనక పడటంతో రోడ్డు మీదికి కనపడలేదు. అందులో ఉన్నది అన్నదమ్ములు, కిటికీ అద్దాలు బిగించే పనివాళ్ళు. పగిలిన అద్దం తమ్ముడి తొడ కోసేసింది. తలుపు నొక్కుకుపోయి కాళ్ళు ఇరుక్కున్నాయి. అన్న రాడ్డుతో తలుపు పెకలించబోయి, చేతకాక రోడ్డు మీదికి వచ్చాడు. ఫోను పగిలిపోయింది. పోలీసులు మరో ప్రమాదం దగ్గర ఉండి ఆలస్యంగా వచ్చారు.

"బతికాడా?" అన్నాడు నిదానం.

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "మీ ముందు చాలా బళ్ళు వెళ్ళాయండీ. మీ వెనకా వెళ్ళాయి. ఎవరూ ఆగలేదు, ఎవరూ ఫోను కూడా చెయ్యలేదు. చేసింది మీరొక్కరే. అంతమాత్రం సాయమైనా అందిందంటే అది మీవల్లే. మీరు చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని."

"నేనాగుంటే?"

"అలా ఆలోచించకండి."

"ఆగుంటే బతికేవాడా?"

ఆఫీసరు బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపాడు. "ఏమో. మనం డాక్టర్లం కాదుగా" అన్నాడు.

ఇంట్లో భార్య సీటు కవరు కుడుతోంది. విని మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఆగితే కొడతారనుకున్నారు. అంతేగా?"

"అంతే."

"ఆ భయం అబద్ధం కాదుగా. మీ చెవే సాక్ష్యం."

"వాళ్ళు కొట్టేవాళ్ళు కాదుగా" అన్నాడు.

ఆమె లేచింది. అన్నం పెట్టింది. ఆయన కంచం ముందు కూర్చుని, మెతుకులు కెలికి లేచిపోయాడు.

కొన్నాళ్ళకి గేటు వాచ్‌మన్ వచ్చి, "అన్నా, మీకోసం ఎవరో వచ్చారు" అన్నాడు. డ్రైవర్లు కూర్చునే షెడ్డులో బల్ల చివర ఒక మనిషి ఉన్నాడు. అరచేతులకి కట్లు. నిదానం గుమ్మంలోనే గుర్తుపట్టాడు. 

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. "ఫోను చేసింది మీరేనని పోలీసులు చెప్పారు. అడ్రసు పట్టుకుని వచ్చాను. గొడవ పెట్టుకోడానికి రాలేదు."

"కూర్చోండి."

"ఒక్కటి అడిగి పోతాను. నిజం చెబితే చాలు." అతను కూర్చుని, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా చేతిలో రాడ్డు ఉందనా మీరు ఆపలేదు?"

నిదానం ఆ కట్ల వైపు చూశాడు.

"మా ఆవిడ అంటోంది, రాడ్డు పట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఎవరాపుతారు అని. నిజమే కదండీ. నాకా ధ్యాసే లేదు. తలుపు దగ్గర్నుంచి అలాగే పరుగెత్తుకొచ్చేశాను. పారెయ్యాలని తోచలేదు. పారేసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుంటే ఎవరో ఒకరు ఆగేవాళ్ళేమో అని, అప్పట్నుంచీ అదే. పడుకుంటే అదే. వాణ్ణి నా చేతులతోనే చంపుకున్నానేమో తెలుసుకుందామని వచ్చాను."

షెడ్డు బయట ఎవరో టైరుని సుత్తితో కొట్టి గాలి చూస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా నిదానం నేల చూశాడు. అవునంటే ఆ మనిషి బతుకంతా ఆ రాడ్డు మోస్తాడు. కాదంటే ఆ బరువు ఎవరి మీద పడుతుందో ఆయనకి తెలుసు.

"రాడ్డు వల్ల కాదండీ" అన్నాడు.

"నిజం చెప్పండి."

"నిజమే చెబుతున్నా. మీరు వట్టి చేతులతో నిలబడ్డా నేను ఆపేవాణ్ణి కాదు. దండం పెట్టినా ఆపేవాణ్ణి కాదు. ఎవరికీ ఆపను. ఆపడం ఎప్పుడో మానేశాను."

ఆ మనిషి కాస్త ముందుకు వంగాడు. "నన్ను చూశారా మరి?"

"చూశాను."

"నేను ఏడుస్తున్నాను. అదీ చూశారా?"

"నోరు తెరిచారని చూశాను. ఏడుస్తున్నారని తెలీలేదు."

అతను తల ఊపాడు. కోపంగా ఊపలేదు, క్షమించినట్టూ ఊపలేదు. అడిగిన కొలత సరిపోయిందో లేదో చూసుకున్న పనివాడిలా ఊపాడు. "సరే" అని లేచాడు. గుమ్మం దాటుతుంటే కాలు తడబడింది. నిదానం చెయ్యి అందించబోయాడు. అతను ఆ చెయ్యి పట్టుకోకుండా గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ నెల క్లాసుకి ఆఫీసరు మళ్ళీ పిలిచాడు. "కొత్త సంగతి చెప్పనక్కర్లేదు. పాతదే చెప్పండి చాలు" అన్నాడు. నిదానం పాతదే చెప్పాడు. మధ్యలో వెనక వరసలోంచి ఒక డ్రైవరు లేచాడు. పెళ్ళై పిల్లలున్న మనిషి, అమాయకుడేం కాదు.

"ఒకవేళ నిజంగానే ప్రమాదమైతే? ఎలా తెలుస్తుంది అన్నా?"

ఇన్నేళ్ళూ దానికి జవాబు ఆఫీసరే చెప్పేవాడు. ఈసారి ఆయన నోరు తెరిచేలోపే నిదానం అన్నాడు. "తెలీదు."

"అంటే?"

"తెలీదయ్యా. మోసమైతే మనం పోతాం, నిజమైతే వాళ్ళు పోతారు. ఎవరో ఒకరు పోయాకే తెలుస్తుంది. అంతకంటే నాకేం తెలీదు."

 క్లాసయ్యాక ఆఫీసరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు కొన్నాళ్ళు ఈ క్లాసులకి రావద్దులెండి. మీకూ మంచిది" అన్నాడు. ఆ మాటలో కుట్రేమీ లేదు. నిజంగా ఆయన మంచి కోరే అన్నాడు. కష్టమనిపించింది కూడా అదే. తిట్టడానికి ఎవరూ దొరకలేదు. ఆఫీసరుది తప్పంటే, ఆ కటువు మాటలు విని బతికిపోయిన డ్రైవర్లు కళ్ళముందు తిరుగుతున్నారు. కంట్రోల్ రూము అమ్మాయిది తప్పంటే, ఆ పిల్ల చేయగలిగిందంతా చేసింది. ఎటు తిరిగినా దారి తన దగ్గరికే వచ్చి ఆగేది.

ఇక ఆగుదామని ఒట్టు పెట్టుకున్నాడు. ఏమైతే అదైంది, చెయ్యెత్తినవాడికి ఆగుదాం, పెట్టె కుయ్యోమంటే అననీ. పట్టపగలు, నలుగురూ తిరిగే రోడ్డు మీద అవకాశం వచ్చింది. బానెట్టు ఎత్తిన కారు, పక్కన ముసలి దంపతులు. ముసలాయన మొహమాటంగా చెయ్యి ఊపాడు. నిదానం బ్రేకు నొక్కాలనుకున్నాడు.  ఎడమ చెవిలో, ఏమీ వినపడని ఆ చెవిలో, హోరుమని శబ్దం లేచింది. కాలు కదల్లేదు. వాళ్ళు అద్దంలో చిన్నవాళ్ళై, మాయమయ్యాక కదిలింది. ఆగవలసిన చోటుకి చేరి, స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. భయం ఒక్కటే అయితే పోరాడేవాడు. భయం పోయినా కాలికి ఆ సంగతి తెలియలేదు.

అన్నదమ్ముల దుకాణం ఎక్కడుందో కనుక్కుని సెలవురోజు వెళ్ళాడు. ఎందుకు వెళుతున్నాడో భార్య అడిగితే చెప్పలేకపోయాడు. సందులో చిన్న షెడ్డు. గోడల వెంట అద్దపు పలకలు చెక్క స్టాండ్లలో నిలబెట్టి ఉన్నాయి. లోపల ఆ మనిషి ఒక్కడే. నిలువెత్తు అద్దాన్ని బల్ల మీది నుంచి దించబోతున్నాడు. ఇద్దరు మోయవలసిన పలక. ఒక అంచు పొట్టకి ఆనించుకున్నాడు, రెండో అంచు జారుతోంది.

నిదానం లోపలికి పోయి రెండో అంచు పట్టుకున్నాడు.

ఆ మనిషి చూశాడు. వదిలేస్తే పలక పగిలిపోతుంది, అందుకని మాట్లాడలేదు. "కుడికి" అన్నాడు. ఇద్దరూ కుడికి జరిగారు. "నిలబెట్టండి. మెల్లిగా." గోడకి ఆనించారు. కింద చెక్కముక్క దోపి, జారదని చూసుకుని, అప్పుడు ఆ మనిషి చేతులు తుడుచుకున్నాడు. కట్లు విప్పేశారు. అరచేతుల్లో గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"తోడు ఎవరూ లేరా?" అన్నాడు నిదానం.

"ఉండేవాడు."

ఆ మనిషి గుడ్డతో అద్దం అంచు తుడిచాడు. తర్వాత అన్నాడు. "మీరు ఆ రోజు నిజం చెప్పారు. ఇంటికెళ్ళి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను. అది మీ దయే."

నిదానం తలెత్తాడు.

"కానీ మళ్ళీ రాకండి. మిమ్మల్ని చూస్తే మీ బండి దాటి పోవడమే కనపడుతుంది. ఇప్పుడు అవతలి అంచు మీరు పట్టుకుంటే, వాడి చోట్లో నిలబడినట్టుంది. మీరు మంచివాళ్ళే కావచ్చు. నావల్ల కావట్లేదు."

"సరేనండీ" అన్నాడు నిదానం.  చెక్కముక్క జారలేదని ఒకసారి చూసి బయటికి నడిచాడు. వెనక గాజు కోసే చప్పుడు సన్నగా మొదలైంది.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో కూర్చుని దారం చుట్టుకుంటోంది. మొహం చూసి నీళ్ళిచ్చింది.

"ఏమన్నాడు?"

"రావొద్దన్నాడు."

"మరి?"

"వెళ్ళను."

ఆమె మళ్ళీ దారం ఉండ అందుకుని, "పొద్దున్న డ్యూటీకి?" అంది.

"అది తప్పదుగా" అన్నాడు. నీళ్ళ గ్లాసు గోడ వారగా పెట్టి, ఉతికి ఆరేసిన డ్యూటీ చొక్కా తీసుకురావడానికి పెరట్లోకి వెళ్ళాడు.